జల్లెడ కొనే ముందు గింజను చూడాలి

మా మండలంలో కొండ నెత్తిన ఒక సెల్ టవరు ఉంది. దానికి గుండ్రంగా, తెల్లగా, డోళ్లలాంటివి నాలుగైదు బిగించి ఉంటాయి. మా బడి పిల్లలు వాటిని టవరు డప్పులంటారు. పట్నాల్లోలాగా మా లోయల్లో ప్రతి టవరుకీ ఫైబర్ కేబులు రాలేదు. అందుకని ఒక కొండ మీది డప్పు ఎదురు కొండ మీది డప్పుతో మాట్లాడుతుంది. మనం ఫోన్లో చెప్పే మంచీ చెడూ అంతా ఆ దారినే కిందికి దిగుతుంది. ఆ మాటల్ని మోసేవి మైక్రోవేవ్ తరంగాలు.

ఈ సంకలనాల్లో మనం ఎక్కువగా భూమి గురించి, అడవి గురించి, మన భాషల గురించి, బడుల గురించి రాసుకుంటాం. అవి రాయవలసినవే. ఈసారి నేను ఒక పనిముట్టును ఎంచుకోవడం గురించి రాస్తున్నాను. మైక్రోవేవ్ బ్యాండ్‌పాస్ ఫిల్టరును కంప్యూటరులో గీసి, అది పనిచేస్తుందో లేదో ముందే చూపించే సాఫ్ట్‌వేర్లు కొన్ని ఉన్నాయి. వాటిలో ఏది ఎంచుకోవాలి అన్న ప్రశ్న మా అక్క కూతురికి ఎదురైంది. మన పిల్లలు ఇప్పుడు ఇంజనీరింగు కాలేజీల్లో ఎలక్ట్రానిక్స్ చదువుతున్నారు. రేపు ఇంకొకరికి ఇదే ప్రశ్న వస్తుంది. వాళ్లకూ, వాళ్లకు చిన్నప్పుడు లెక్కలు చెప్పే మనకూ పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ముందు ఆ ఫిల్టరు ఏమిటో చెప్పుకోవాలి. చోళ్లు నూర్చాక మన ఇళ్లలో ఏం చేస్తాం? మొదట పెద్ద కన్నాల జల్లెడ పడతాం. గడ్డి, పుల్లలు, గులకరాళ్లు పైన మిగులుతాయి, గింజ కిందికి జారుతుంది. తరవాత సన్న కన్నాల జల్లెడ పడతాం. ఈసారి దుమ్ము, నూక కిందికి పోతాయి, గింజ పైన నిలుస్తుంది. మరీ పెద్దదీ పోయింది, మరీ చిన్నదీ పోయింది, నడిమి గింజ దక్కింది. బ్యాండ్‌పాస్ ఫిల్టరు చేసే పని ఇదే. గాలిలో ఎన్నో తరంగాలు తిరుగుతుంటాయి. ఒక్కొక్కటి సెకనుకు కొన్ని సార్లు ఊగుతుంది. ఆ లెక్కనే ఫ్రీక్వెన్సీ అంటారు, మన పాఠ్యపుస్తకాల్లో పౌనఃపున్యం అని ఉంటుంది. ఫిల్టరు తనకు చెప్పిన హద్దుకు పైన ఊగేవాటినీ ఆపుతుంది, కింద ఊగేవాటినీ ఆపుతుంది. నడిమి వాటిని మాత్రం పోనిస్తుంది.

టవరు డప్పు వెనక ఒక లోహపు పెట్టె ఉంటుంది. ఒకే డప్పు ఒక ఫ్రీక్వెన్సీలో పంపుతుంది, పక్క ఫ్రీక్వెన్సీలో అందుకుంటుంది. పంపేది పెద్ద అరుపు, అందేది చిన్న గుసగుస. అరుపు గుసగుసను మింగేయకుండా రెండింటి మధ్యా ఫిల్టర్లు కాపలా కాస్తాయి. ఫిల్టరు లేకపోతే డప్పు తన అరుపు తానే వింటూ కూర్చుంటుంది.

మా అక్క వాళ్లది కాఫీ, మిరియాల తోట. కూతురు మైదానంలోని ఒక కాలేజీలో ఈసీఈ నాలుగో ఏడు. పోయిన సంక్రాంతికి ముందు ఒక రాత్రి ఫోను చేసింది.

‘మామా, ప్రాజెక్టు ఇచ్చారు. వైఫై బ్యాండుకి మైక్రోస్ట్రిప్ బ్యాండ్‌పాస్ ఫిల్టరు. సాఫ్ట్‌వేరులో చేసి, బోర్డు మీద చెక్కి, కొలిచి చూపించాలట.’

‘మంచిదే కదమ్మా.’

‘మంచిదే. ల్యాబ్‌లో ఆ సాఫ్ట్‌వేరు ఒక్క కంప్యూటరులోనే ఉంది. దాని దగ్గర ఎప్పుడూ క్యూనే. హాస్టల్లో పిల్లలు పెన్‌డ్రైవులో దొంగ కాపీ ఇస్తామంటున్నారు. ఇంకొకామె సిటీలో ప్రాజెక్టులు అమ్మే షాపు ఉంది, 15 వేలు ఇస్తే బోర్డు, రిపోర్టు అన్నీ చేతిలో పెడతారంటోంది. అమ్మకి చెప్తే డబ్బు సర్దుతుంది. ఏం చెయ్యమంటావు?’

15 వేలంటే మా అక్కకు చిన్న మాట కాదు. ఏడాది మిరియాల డబ్బులో పెద్ద భాగం. అంతకంటే నన్ను కలవరపెట్టింది ఇంకొకటి ఉంది. కొన్న ప్రాజెక్టుతో మార్కులు వస్తాయి. ఉద్యోగం ఇంటర్వ్యూలో అవతలివాళ్లు ‘ఈ ఖాళీ ఇంత ఎందుకు పెట్టావు?’ అని ఒక్క మాట అడిగితే మన పిల్ల తల దించుకుంటుంది. అప్పుడు వాళ్లు ఆమె ఒక్కదాన్నే చూడరు. ‘వీళ్లంతా ఇంతే’ అనుకోవడానికి కొందరు ముందే సిద్ధంగా ఉంటారు. ఆ మాట మనలో చాలామందికి చెవిన పడినదే. అందుకని ‘పండక్కి వస్తావు కదా, లాప్‌టాపు తీసుకురా, కూర్చుందాం’ అన్నాను.

నాది డీఎడ్ చదువు. నేను చెప్పేది ఐదో తరగతి లోపు లెక్కలు. అయితే కొలత చెప్పేటప్పుడు పిల్లలకు నేను నేర్పేది ఒకటుంది. కొలబద్ద చేతిలోకి తీసుకునే ముందు, ఏం కొలవాలో పలక మీద రాయాలి. బడి గోడను స్కేలుతో కొలవరు, పెన్సిలును టేపుతో కొలవరు. మేనకోడలితోనూ అదే అన్నాను. సాఫ్ట్‌వేరు పేర్లు పక్కన పెట్టి ఐదు ప్రశ్నలు రాయించాను. ఏ వస్తువు తయారుకావాలి? ఏ సరుకుతో? దాన్నుంచి ఎంత ఖచ్చితం కావాలి? నీ దగ్గర ఉన్న యంత్రం ఎంతటిది? ఆ సాఫ్ట్‌వేరు వాడే హక్కు నీకు ఉందా?

మొదటి మూడు ప్రశ్నలకు జవాబు కాగితం మీదే వచ్చింది. వైఫై బ్యాండు 2.4 నుంచి 2.4835 గిగాహెర్ట్జ్ వరకు. గిగాహెర్ట్జ్ అంటే సెకనుకు 100 కోట్ల ఊపులు. బ్యాండు వెడల్పు 83.5 మెగాహెర్ట్జ్, అంటే నడిమి ఫ్రీక్వెన్సీలో 3.4 శాతం. బోర్డు ఎఫ్ఆర్4, పచ్చగా ఉండే మామూలు సర్క్యూట్ బోర్డు, 1.6 మిల్లీమీటర్ల మందం. 2.45 గిగాహెర్ట్జ్ తరంగం గాలిలో 122 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. ఎఫ్ఆర్4 మీది రాగి దారిలో అది నెమ్మదించి దాదాపు 67 మిల్లీమీటర్లకు కుదించుకుపోతుంది. అందులో సగం, సుమారు 34 మిల్లీమీటర్ల రాగి కడ్డీ ఒకటి చెక్కితే అది సరిగ్గా ఆ ఫ్రీక్వెన్సీకే మోగుతుంది, సన్నాయి గొట్టం తన స్వరానికి మోగినట్టు. ఇలాంటి కడ్డీలు మూడింటిని పక్కపక్కన, మధ్యలో చిన్న ఖాళీతో పెడితే ఒకటి మోగి పక్కదాన్ని మోగిస్తుంది. ఆ ఖాళీలే జల్లెడ కన్నాలు. జాగా కలిసిరావడానికి కడ్డీలను జడపిన్నులా వంచుతారు కనుక దీన్ని హెయిర్‌పిన్ ఫిల్టరు అంటారు.

పాఠ్యపుస్తకంలో చెబిషెవ్ పట్టిక ఉంది. మూడు కడ్డీలకు, 0.5 డెసిబెల్ అలకు అంకెలు 1.5963, 1.0967, 1.5963. ఆ మూడూ కూడితే 4.29. తరంగం ఫిల్టరు దాటేటప్పుడు ఎంత అరిగిపోతుందో చెప్పే సూత్రం కూడా ఆ పుస్తకంలోనే ఉంది. 4.343ను ఈ మొత్తంతో గుణించాలి. దాన్ని బ్యాండు వెడల్పు నిష్పత్తితోనూ, కడ్డీ నాణ్యత అంకెతోనూ భాగించాలి. ఈ నాణ్యత అంకెను క్యూ అంటారు. ఎఫ్ఆర్4 మీద అది 50కి అటూ ఇటూగా ఉంటుంది, ఎందుకంటే ఆ బోర్డు తరంగాన్ని బాగా తాగేస్తుంది.

మా అమ్మాయి లెక్క కట్టింది. 3.4 శాతం వెడల్పుకు నష్టం సుమారు 11 డెసిబెల్స్ వచ్చింది. అంటే ఇటునుంచి 100 పాళ్లు పంపితే అటువైపు 8 పాళ్లు మాత్రమే చేరతాయి. గింజలు 92 పాళ్లు జల్లెడకే అంటుకుపోతే అది జల్లెడ ఎలా అవుతుంది?

ఆమె కాసేపు కాగితం వైపే చూసి, ‘మామా, ఇది ఏ సాఫ్ట్‌వేరులో చేసినా కుదరదు’ అంది.

నేను ఈ వ్యాసం రాయడానికి ముఖ్యకారణం ఆ మాటే. ల్యాబ్‌లోని ఖరీదైన సాఫ్ట్‌వేరు దగ్గర క్యూలో నిలబడి, వారాల తరబడి ఖాళీలు మార్చుకుంటూ పోయినా అది చెప్పే జవాబు ఇదే. ‘ఆడలేక మద్దెల ఓడు’ అన్నట్టు చివరికి సాఫ్ట్‌వేరును తిట్టుకునేది. ఒక కాగితం, ఒక పెన్ను, పావుగంట ఆ వారాలను మిగిల్చాయి. అదే లెక్కను 10 శాతం వెడల్పుకు కడితే నష్టం 3.7 డెసిబెల్స్ వచ్చింది. సగం కంటే కాస్త తక్కువ శక్తి అవతలికి చేరుతుంది. కాలేజీ ప్రాజెక్టుకు అది నిలుస్తుంది. సెలవులయ్యాక ఆమె ఆ కాగితం పట్టుకుని గైడు దగ్గరకు వెళ్లింది. ఆయన లెక్క చూసి, వెడల్పును 245 మెగాహెర్ట్జ్‌కు మార్చుకోమన్నారు. ఆ వెడల్పులో వైఫై బ్యాండు మొత్తం ఇముడుతుంది.

టవరు డప్పు వెనక బోర్డుకు బదులు లోహపు పెట్టె ఎందుకుంటుందో కూడా ఈ లెక్కే చెబుతుంది. అక్కడ ఫిల్టరు వెడల్పు చాలా సన్నం. లోపల గాలి తప్ప ఏమీ లేని లోహపు గదుల్లో క్యూ వేలల్లో ఉంటుంది. అందుకే నష్టం కొద్దిపాటిదే. మామూలు బోర్డు ఆ పనికి పనికిరాదు.

ఇక సాఫ్ట్‌వేర్ల సంగతి. ఇవి మూడు రకాలని పిల్లలు గుర్తుపెట్టుకుంటే సగం అయోమయం పోతుంది.

మొదటి రకం సర్క్యూట్ సిమ్యులేటరు. దీనికి రాగి దారి ఒక సూత్రం మాత్రమే. పొడవు, వెడల్పు, ఖాళీ ఇస్తే తనలో ఉన్న సూత్రాలతో సెకన్లలో జవాబు చెబుతుంది. క్యూక్స్ అనే ఉచిత, ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేరు ఈ రకానిది. రాగి దారి వెడల్పు లెక్కించే పరికరం, ఫిల్టరు గీసిపెట్టే పరికరం అందులోనే ఉన్నాయి. పాత లాప్‌టాపులో కూడా నడుస్తుంది. డబ్బున్న సంస్థలు ఈ పనికి కీసైట్ ఏడీఎస్ వంటివి వాడతాయి. ఈ రకానికి ఒక హద్దు ఉంది. కడ్డీ వంపు దగ్గర ఏం జరుగుతుందో, ఒకటో కడ్డీ రెండోదాన్ని దాటి మూడోదాన్ని ఎంత తాకుతుందో ఇది పూర్తిగా చూడదు.

రెండో రకం పలకల మీద, అంటే చదునైన పొరల మీద ఉన్న రాగిని మాత్రమే చూస్తుంది. రాగిని చిన్న ముక్కలు చేసి, ప్రతి ముక్కలో ఎంత విద్యుత్తు పారుతుందో లెక్కిస్తుంది. సానెట్ ఈ రకానిది. సానెట్ లైట్ అనే ఉచిత కూర్పు ఉంది, దానికి మెమరీ హద్దు ఉంటుంది. చిన్న మైక్రోస్ట్రిప్ ఫిల్టర్లకు ఈ రకం చక్కగా సరిపోతుంది. లోహపు గదుల ఫిల్టరుకు పనికిరాదు.

మూడో రకం త్రీడీ. ఇది వస్తువునూ, దాని చుట్టూ ఉన్న గాలినీ కూడా గదులుగా కోసి, ప్రతి గదిలో మాక్స్‌వెల్ సమీకరణాలను లెక్కకడుతుంది. మాక్స్‌వెల్ ఆ సిద్ధాంతాన్ని 1865లో ప్రచురించాడు. ఈ రకంలో రెండు దారులున్నాయి. ఆన్సిస్ హెచ్ఎఫ్ఎస్ఎస్ వస్తువును చతుర్ముఖి ముక్కలుగా కోసి, తేడా ఎక్కువున్న చోట తానే ఇంకా సన్నగా కోసుకుంటూ పోతుంది. రెండో దారి చదరపు గదుల్లో కాలాన్ని చిన్న చిన్న అడుగులుగా నడిపించడం. ఈ పద్ధతిని యీ అనే శాస్త్రవేత్త 1966లో చూపించాడు. సీఎస్‌టీ స్టూడియోలోని ముఖ్యమైన సాల్వరు దీనికి దగ్గరి చుట్టం. జర్మనీలోని డ్యూయిస్‌బర్గ్-ఎస్సెన్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఓపెన్ ఈఎంఎస్ కూడా ఈ దారిదే. అది ఉచితం, ఓపెన్‌సోర్స్. హెచ్ఎఫ్ఎస్ఎస్‌కూ, సీఎస్‌టీకీ విద్యార్థుల కోసం ఉచిత కూర్పులున్నాయి. అవి పెద్ద సమస్యలను తీసుకోవు గానీ నేర్చుకోవడానికి సరిపోతాయి. దొంగ కాపీ తప్ప వేరే దారి లేదనుకునే పిల్లలకు ఈ సంగతి తెలియాలి.

దొంగ కాపీ గురించి మేనకోడలికి నీతిపాఠం చెప్పలేదు. మూడు మాటలే చెప్పాను. ఒకటి, అలాంటి ఫైళ్లతో వైరస్ వచ్చే ప్రమాదం ఎక్కువ, నీకున్నది ఒక్క లాప్‌టాపు. రెండు, రిపోర్టులో సాఫ్ట్‌వేరు పేరు రాయాలి, ఆ పేరు ధైర్యంగా రాయగలగాలి. మూడు, ఆ కాపీ రేపు ఉద్యోగంలో నీ వెంట రాదు, ఉచితంగా హక్కుతో దొరికింది ఎక్కడికైనా వస్తుంది. ఆమె ఏమీ అనలేదు. మర్నాడు క్యూక్స్, ఓపెన్ ఈఎంఎస్ దించుకుంది. మా ఇంటి దగ్గర సిగ్నలు నిలవదు కనుక బడి దగ్గరి గట్టెక్కి దించుకుంది.

ఓపెన్ ఈఎంఎస్‌లో బొమ్మను మౌసుతో లాగి గీయడం ఉండదు. ఆక్టేవ్‌లో గానీ పైథాన్‌లో గానీ కొలతలన్నీ రాతలో చెప్పాలి. మొదట అదే ఆమెకు కష్టమనిపించింది. తరవాత అదే మేలయింది. ఖాళీ ఎంత, కడ్డీ ఎంత, గది ఎంత అన్నది అంతా ఆమె సొంత చేతి రాతలో ఉంది. పక్కన కూర్చున్న నాకు కూడా ఏ అంకె ఎక్కడ ఉందో కనబడుతోంది. నేను అడుగుతుంటే ఆమె చెబుతోంది. చెప్పినకొద్దీ ఆమెకే స్పష్టమవుతోంది. తోటి ఉపాధ్యాయులకు ఈ సంగతి విడిగా చెప్పనక్కరలేదు.

గది పరిమాణం ఎంచుకోవడంలో ఒక లెక్క ఉంది. చదరపు గది అంచును సగం చేస్తే, పొడవు, వెడల్పు, ఎత్తు మూడు వైపులా రెట్టింపు గదులు అవుతాయి. అంటే 8 రెట్లు. కాలపు అడుగు కూడా సగమవుతుంది కనుక మొత్తం పని 16 రెట్లు. 10 నిమిషాల్లో అయ్యేది 160 నిమిషాలు పడుతుంది. మా అమ్మాయి లాప్‌టాపుకు ఉన్నది 4 జీబీ మెమరీ. అందుకని ఖాళీల దగ్గర మాత్రమే సన్నగా కోసి, దూరంగా ఉన్న గాలిని పెద్ద గదులుగా వదిలేసింది. ఘనపరిమాణం పాఠం ఐదో తరగతిలో మనం అగ్గిపెట్టెలు పేర్చి చెబుతాం. ఆ అగ్గిపెట్టెల పాఠమే ఇక్కడ పనికొచ్చింది.

ఏ సాఫ్ట్‌వేరునైనా నమ్మే ముందు దాన్ని పరీక్షించాలి. సంతలో కొత్త తూకం పెట్టినవాడి దగ్గర మనం ముందు తెలిసిన బరువు పెట్టి చూడమూ? ఆమె మొదట ఫిల్టరు గీయలేదు. ఒకే ఒక్క 34 మిల్లీమీటర్ల కడ్డీ గీసింది. జవాబు చేతి లెక్కతో ముందే తెలుసు. సాఫ్ట్‌వేరు కూడా 2.45 దగ్గర్లోనే శిఖరం చూపించింది. గదులను ఇంకా సన్నం చేసినా శిఖరం పెద్దగా కదల్లేదు. అప్పుడు నమ్మకం కుదిరింది.

తరవాత రెండు కడ్డీలను పక్కపక్కన పెట్టింది. రెండు కడ్డీలు ఒకదాన్నొకటి తాకుతున్నప్పుడు ఒక శిఖరం రెండుగా చీలుతుంది. దగ్గరకు జరిపితే శిఖరాలు దూరమవుతాయి, దూరం జరిపితే దగ్గరవుతాయి. చెబిషెవ్ అంకెల ప్రకారం ఆ కలయిక బలం 0.0756 ఉండాలి. 0.1ని 1.5963, 1.0967ల లబ్ధం వర్గమూలంతో భాగిస్తే ఆ అంకె వస్తుంది. అంటే శిఖరాల మధ్య సుమారు 185 మెగాహెర్ట్జ్ దూరం కావాలి. ఖాళీని కొద్దికొద్దిగా మార్చుతూ ఆ దూరం పట్టుకుంది. ఇక్కడ సాఫ్ట్‌వేరు ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పే పాలేరు మాత్రమే. ఏ ప్రశ్న అడగాలో మాత్రం ఆమెకే తెలియాలి.

పండగ సెలవుల్లో ఇంకొక సంగతి మాట్లాడుకున్నాం. మన దేశంలో మైక్రోవేవ్ పని సాఫ్ట్‌వేరుతో మొదలు కాలేదు. 1895లో కోల్‌కతా టౌన్‌హాలులో జగదీశ్ చంద్ర బోస్ కంటికి కనబడని తరంగాలను గోడల గుండా పంపి దూరాన గంట మోగించాడు, తుపాకి మందు పేల్చాడు. ఆయన 5 మిల్లీమీటర్ల పొడవున్న తరంగాల దాకా పనిచేశాడు. నేటి లెక్కలో అది 60 గిగాహెర్ట్జ్. తరంగం ఏ దిక్కుకు ఊగుతోందో వేరు చెయ్యడానికి ఆయన వాడిన వాటిలో పేజీల మధ్య తగరపు రేకులు పెట్టిన రైల్వే టైంటేబులు పుస్తకం ఒకటి. మెలిపెట్టిన జనపనార ఇంకొకటి. ఇది విని మా అక్క, ‘అయితే మన ఇంట్లో సామాను సరిపోతుందన్నమాట’ అని నవ్వింది. పరికరం ఖరీదులో గొప్పతనం లేదని ఆమెకు మేము చెప్పనక్కరలేకపోయింది.

ఆమె కాలేజీకి వెళ్లి బోర్డు గీసింది. ఫెర్రిక్ క్లోరైడులో చెక్కింది. కనెక్టర్లు అతికించి ల్యాబ్‌లో నెట్‌వర్క్ ఎనలైజరుతో కొలిచింది. నడిమి ఫ్రీక్వెన్సీ 2.45కు బదులు 2.40 దగ్గర వచ్చింది. ఆ రాత్రి ఫోనులో గొంతు కాస్త నీరసంగా ఉంది. నేను ఒక్కటే అడిగాను, ‘తేడా ఎంత శాతం?’ ఆమె రెండు శాతం అంది. చెబుతూనే ఆగిపోయింది. ఎఫ్ఆర్4 బోర్డు అన్నీ ఒకేలా ఉండవు. తరంగాన్ని ఎంత నెమ్మదింపజేస్తుందో చెప్పే అంకె కొనుగోలు కాగితంలో 4.4 అని ఉన్నా, చేతికొచ్చిన బోర్డులో కొంచెం ఎక్కువ ఉండొచ్చు. పొడవును రెండు శాతం, అంటే కడ్డీకి సుమారు 0.7 మిల్లీమీటర్లు తగ్గిస్తే సరి. రెండో బోర్డు 2.45కు వచ్చింది. నష్టం 4.1 డెసిబెల్స్. మా సంక్రాంతి కాగితం చెప్పింది 3.7. కనెక్టర్లు తిన్నది కలుపుకుంటే ఆ తేడా సహజమే.

వైవాలో బయటి పరీక్షకుడు అడిగిన మొదటి ప్రశ్న, అందరూ వాడే సాఫ్ట్‌వేరు ఎందుకు వాడలేదని. ఆమె తన ఐదు ప్రశ్నల కాగితం చూపించింది. తరవాత ఆయన మొదటి బోర్డు ఎందుకు కిందికి జరిగిందని అడిగాడు. ఆమె బల్ల మీదే లెక్క కట్టి చూపించింది. ఆ రోజు ఆమె తల దించుకోలేదు. ఆ 15 వేలతో మా అక్క కాఫీ ఎండబెట్టుకోవడానికి టార్పాలిన్లు కొంది, మిగిలింది కూతురికే పంపింది.

యువ మిత్రులకు నేను చెప్పదలచుకున్నది కొంత ఉంది. సాఫ్ట్‌వేరు పేరు పెద్దదని దాని వెంట పడొద్దు. చిన్న మైక్రోస్ట్రిప్ ఫిల్టరుకు మొదట కాగితం, తరవాత సర్క్యూట్ సిమ్యులేటరు, చివరికి సరిచూసుకోవడానికి పలకల రకం గానీ త్రీడీ రకం గానీ వాడండి. లోహపు గదుల ఫిల్టరైతే, చుట్టూ స్క్రూలు, కిటికీలు ఉంటాయి కనుక త్రీడీ తప్పదు. అప్పుడు కాలేజీ ల్యాబ్‌లోని లైసెన్సు కోసం అడగండి, నిలబడి అడగండి, అది మీ హక్కు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వద్దు, ఏనుగు మీదికి గులకరాయీ వద్దు. ఒకే జవాబును వీలైతే రెండు వేరువేరు పద్ధతుల సాఫ్ట్‌వేర్లతో చూడండి. రెండూ ఒకటే చెబితే ధైర్యంగా బోర్డు చెక్కండి. ఇప్పుడు కొన్ని వేల రూపాయలకే నానోవీఎన్ఏ అనే చేతిలో పట్టే కొలత పరికరాలు దొరుకుతున్నాయి. 3 గిగాహెర్ట్జ్ దాకా కొలిచే రకాలు ఉన్నాయి. నలుగురు పిల్లలు కలిసి ఒకటి కొనుక్కోవచ్చు.

తోటి ఉపాధ్యాయులకు ఒక విన్నపం. మన దగ్గర ఐదో తరగతిలో కూర్చున్న పిల్లకు మైక్రోవేవ్ చెప్పనక్కరలేదు. శాతం సరిగా చెబుదాం. నిష్పత్తి చెబుదాం. అగ్గిపెట్టెలు పేర్చి ఘనం చెబుదాం. అంచనా ముందు వేసి, తరవాత కొలిచి, తేడా ఎందుకొచ్చిందో మాట్లాడించే అలవాటు చేద్దాం. మాది ఆదివాసీ ఒడియా మాట్లాడే ఇల్లు. నేను జల్లెడ ఉపమానం మొదట చెప్పింది ఆ భాషలోనే. తెలుగులోకీ, ఇంగ్లీషులోకీ ఆమె తరవాత తానే తెచ్చుకుంది. ఇంటి మాటలో అర్థమైన పిల్లకు ఆ తరవాత ఏ భాషలో చెప్పినా బరువనిపించదు.

మేనకోడలు ఆ రాతల ఫైళ్లనూ, ఐదు ప్రశ్నల కాగితాన్నీ తన కాలేజీలోని మన పిల్లలకు ఇచ్చి వచ్చింది. కింది ఏడాది అబ్బాయి ఒకడు వాటిని తీసుకుని ఐదు కడ్డీల ఫిల్టరు మొదలుపెట్టాడట. నిన్న నాకు ఫోను చేశాడు. ఏ సాఫ్ట్‌వేరు మంచిదని అడగలేదు. ‘సార్, మంచి బోర్డు తీసుకుంటే క్యూ ఎంత ఉంటుందనుకుని లెక్క మొదలుపెట్టాలి?’ అని అడిగాడు.